మూడో తరగతి పిల్లాడు ఒకటో తరగతి లెక్కలు చేస్తే తప్పేంటి?

బడి పాఠాలు కాకుండా ఇంట్లో పిల్లల చేత అదనంగా లెక్కలు చేయించాలనుకునే అమ్మానాన్నలు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఏ యాప్ మంచిది? ఏ వర్క్‌బుక్ కొనమంటారు? రోజుకి ఎంతసేపు కూర్చోబెట్టాలి? వీటికి ఏదో ఒక జవాబు చెప్పొచ్చు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్న దగ్గరే పేచీ వస్తుంది. ఇప్పుడున్న తరగతికి ఒకటి రెండు తరగతులు వెనక నుంచి మొదలుపెట్టండి అంటాను నేను. "వాడు మూడో తరగతండీ, మళ్లీ ఒకటో తరగతి లెక్కలా?" అని ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఆ మాటలో కోపం కంటే భయం ఎక్కువ. అందరి పిల్లలూ ముందుకు వెళ్లిపోతుంటే మనవాడు వెనక్కి వెళ్లడమేంటన్న భయం.

ఆ భయం ఎందుకో నాకు తెలుసు. ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకునే పద్ధతుల గురించి మనకి చెప్పే తీరే అలా ఉంటుంది. మీ పాప తరగతి కంటే రెండేళ్లు ముందుంటుంది అంటారు. నాలుగో తరగతిలోనే బీజగణితం చేసేస్తుంది అంటారు. లెవెల్ నంబర్లు, బ్యాడ్జీలు, స్క్రీన్ మీద రాలే నక్షత్రాలు, అన్నీ ముందుకే తోస్తుంటాయి. కానీ ఈ పద్ధతికి ఉన్న అసలు బలం, కావలసినప్పుడు వెనక్కి వెళ్లగలగడమే అని నా గట్టి నమ్మకం. ముందుకు తీసుకెళ్లే పని బడి ఎలాగూ చేస్తుంది, పిల్లలు సిద్ధంగా ఉన్నా లేకపోయినా. కూడికలు అయ్యాక తీసివేతలు, అవయ్యాక గుణకారాలు, వెంటనే భిన్నాలు. తరగతి మొత్తాన్నీ నడిపించాల్సిన టీచర్ ఒక్కరి కోసం ఆగలేరు, అది ఆవిడ తప్పు కాదు. ఆగే వీలు ఇంట్లోనే ఉంటుంది.

లెక్కలకి ఇది మరీ అవసరం. భాషలో ఒక పద్యం రాకపోతే తర్వాతి పద్యం ఆగిపోదు. లెక్కల్లో అలా కుదరదు. పెద్ద భాగహారం సంగతే చూడండి. 952ని 7తో భాగించాలంటే 9లో 7 ఎన్నిసార్లు పోతుందో చూడాలి, గుణించాలి, తీసివేయాలి, పక్క అంకె దించుకోవాలి, మళ్లీ మొదటికి రావాలి. పైకి ఒక్క లెక్కే. లోపల ఎక్కాలూ, తీసివేతా, స్థానవిలువా అన్నీ ఉన్నాయి. ఏడో ఎక్కం కోసం వేళ్లు లెక్కపెట్టుకునే పిల్లకి బుర్రంతా ఆ లెక్కపెట్టడానికే సరిపోతుంది. ఈలోగా తను ఏ అంకె దగ్గర ఉందో మర్చిపోతుంది. మనమేమో "భాగహారాలు రావట్లేదు" అని ఇంకో రెండు పేజీల భాగహారాలు ఇస్తాం. పాపకి రానిది ఏడో ఎక్కం.

జపాన్‌లో తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు 1954లో రెండో తరగతి చదువుతున్న తన కొడుకు కోసం రోజూ కాగితాల మీద లెక్కలు రాసివ్వడం మొదలుపెట్టాడు. పిల్లాడు తనంతట తాను చేయగలిగినన్నే, కొద్దికొద్దిగా కష్టం పెంచుతూ. ఆ కాగితాలే తర్వాత 1958లో ఒసాకాలో ఒక సంస్థ అయ్యాయి, అక్కణ్ణుంచి యాభైకి పైగా దేశాలకి వెళ్లాయి. ఈ కథ చెప్పేవాళ్లంతా ఆ అబ్బాయి ఆరో తరగతికల్లా కలనగణితం చేశాడన్న సంగతి దగ్గర ఆగుతారు. నాకు అంతకంటే ముఖ్యంగా కనిపించేది ఆ పద్ధతిలో మొదటి అడుగు. కొత్తగా చేరిన పిల్లలకి ముందు చిన్న పరీక్ష పెడతారు. వాళ్లు ఏ తడబాటూ లేకుండా చేయగలిగే చోటు ఏదో చూసి అక్కణ్ణుంచే మొదలుపెట్టిస్తారు. అది తరగతి కంటే కింద ఉన్నా సరే. అన్ని దేశాలు తిరిగిన పద్ధతి వెనక నుంచి మొదలవుతుందన్న సంగతి మనం అంతగా చెప్పుకోం.

మా చెల్లెలి కొడుకు మూడో తరగతిలో ఉన్నప్పుడు వాడి తీసివేతల పేజీ ఒకటి నా చేతికి వచ్చింది. సగం ఒప్పులు, సగం తప్పులు. "వచ్చు అక్కా వాడికి, ఊరికే అజాగ్రత్త" అంది మా చెల్లెలు. సగం ఒప్పులున్న పేజీ చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఏవి ఒప్పో ఏవి తప్పో విడదీసి చూస్తే, పై అంకె పెద్దదైన చోటల్లా ఒప్పు, కింది అంకె పెద్దదైన చోటల్లా తప్పు. 52లోంచి 27 తీస్తే 35 అని రాశాడు.

"ఇది ఎలా చేశావో చెప్పు నాన్నా" అన్నాను.

"7లోంచి 2 తీస్తే 5. 5లోంచి 2 తీస్తే 3. ముప్పై అయిదు."

"పైన 2 ఉంది కదా, 2లోంచి కదా 7 తీయాలి?"

"2లోంచి 7 రాదు కదా పెద్దమ్మా. అందుకే పెద్దదాంట్లోంచి చిన్నది తీశా."

వాడి మాటలో అజాగ్రత్త ఎక్కడుంది? వాడికో నియమం ఉంది, ప్రతి లెక్కలోనూ అదే నియమాన్ని శ్రద్ధగా పాటించాడు. ఎప్పుడూ పెద్దదాంట్లోంచే చిన్నది తీయాలని మొదట్లో మనమే చెప్పి ఉంటాం. ఇలాంటి తప్పులు చాలామంది పిల్లల్లో అచ్చం ఒకేలా కనబడతాయి. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు పిల్లల తీసివేతల్లో వచ్చే ఇలాంటి తప్పుడు నియమాలని వరసపెట్టి విడదీసి చూపిస్తూ 1978లో ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. వాటిలో మా వాడిదీ ఉంది. ఇలాంటి పిల్లాడికి ఇంకో వంద తీసివేతలిస్తే వందసార్లు అదే తప్పు నియమం సాధన చేస్తాడు.

అందుకే తీసివేతలు పక్కన పెట్టి పుల్లలు తెచ్చాం. పదేసి పుల్లలకి ఒక రబ్బరు బ్యాండు. 52 అంటే ఎన్నో చూపించమన్నాను. అయిదు కట్టలు, రెండు విడి పుల్లలు పెట్టాడు. ఇందులోంచి నాకు 27 ఇవ్వమన్నాను. రెండు కట్టలు చటుక్కున ఇచ్చాడు. ఇంకా ఏడు కావాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు కట్టల వంకా నా వంకా చూశాడు. "ఒక కట్ట విప్పొచ్చా?" అని అడిగాడు. పక్క అంకె దగ్గర అప్పు తెచ్చుకోవడం అని పుస్తకంలో ఉన్న పాఠమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. వాడి చేత కాగితం మీద ఆ అప్పు చేయించడానికి నేను తొందరపడలేదు. కొన్ని వారాలపాటు పదుల కట్టలు కట్టడం, విప్పడం, 40ని మూడు పదులూ పది ఒకట్లూ అనడం, ఇవే. వర్క్‌షీట్ మీద ఉన్న లెవెల్ చూస్తే ఒకటో తరగతి. ఆ తర్వాత మూడో తరగతి తీసివేతలు వాడికి కొత్తగా నేర్పాల్సిన అవసరమే రాలేదు.

వెనక్కి వెళ్లడానికి ఇంకో అడ్డంకి ఉంది, సిగ్గు. తరగతిలో అందరి ముందూ "నాకు ఇది రాదు, మళ్లీ చెప్పండి" అనడం పెద్దవాళ్లకే కష్టం. అమెరికాలో ఉండే సల్మాన్ ఖాన్ (సినిమా నటుడు కాదు) 2004లో తన బంధువుల అమ్మాయి నాదియాకి దూరం నుంచి లెక్కలు చెప్పడంతో మొదలుపెట్టి, ఆ తర్వాత వీడియోలు చేసి, చివరికి ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ స్థాపించిన సంగతి చాలామందికి తెలుసు. ఆయన చెప్పిన ఒక విషయం నాకు బాగా గుర్తుండిపోయింది. ఆయన స్వయంగా చెప్పడం కంటే వీడియోలే బాగున్నాయన్నారట ఆయన దగ్గర నేర్చుకున్న బంధువుల పిల్లలు. వీడియో అయితే ఆపుకోవచ్చు, రెండేళ్ల కిందటి పాఠం మళ్లీ చూసుకోవచ్చు, ఇంకా రాలేదా అని ఎవరూ అడగరు. ఇంట్లో అదనపు లెక్కలు చేయించేటప్పుడు ఆ మాత్రం మరుగు మనమూ ఇవ్వాలి. అన్నయ్య ముందు చెల్లెలి లెవెల్ గురించీ, చుట్టాల ముందు ఎవరి లెవెల్ గురించీ మాట్లాడకూడదు.

ఇంతవరకూ చెప్పింది విని, అయితే మంచి యాప్ ఒకటి పెట్టేసి పిల్లల్ని వదిలేస్తే వాళ్ల వేగంతో వాళ్లే వెళ్తారనుకుంటే పొరపాటు. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి.

1953లో మనస్తత్వవేత్త బి. ఎఫ్. స్కిన్నర్ తన కూతురి నాలుగో తరగతి లెక్కల క్లాసు చూడ్డానికి వెళ్లాడు. అందరూ ఒకే వేగంతో నడవాల్సి రావడం, చేసింది ఒప్పో తప్పో వెంటనే తెలియకపోవడం ఆయనకి నచ్చలేదు. ఇంటికొచ్చి ఒక యంత్రం తయారుచేశాడు. ఒక్కో చిన్న ప్రశ్న, వెంటనే ఒప్పో తప్పో, ఒప్పయితే తర్వాతి ప్రశ్న. ఇవాళ్టి యాప్‌లన్నీ ఇంచుమించు అదే పని చేస్తున్నాయి. 1968లో బెంజమిన్ బ్లూమ్ అనే విద్యా పరిశోధకుడు ఇంకో మాట కలిపాడు. ఒక పాఠం బాగా వచ్చాకే తర్వాతి పాఠానికి వెళ్లాలి. 1984లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం, అలా ఒక్కొక్కరికీ విడిగా చెప్పినప్పుడు సగటు విద్యార్థి కూడా మామూలు తరగతిలోని 98 శాతం మందిని దాటాడు. తర్వాతి పరిశోధనల్లో తేడా అంత పెద్దగా కనబడలేదు గానీ దిశ మాత్రం అదే. వినడానికి అంతా సబబుగానే ఉంది. బాగా వచ్చిందని ఎలా తెలుస్తుంది అన్న దగ్గరే చిక్కు.

అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు 1960లలో ఇలాంటి పద్ధతే ఒకటి తయారుచేశారు. పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు కరపత్రాల్లాంటి చిన్న పుస్తకాలు చేసుకుంటూ పోవాలి, పరీక్షలో 80 శాతం వస్తే తర్వాతి పుస్తకం. 1973లో స్టాన్లీ ఎర్ల్‌వాంగర్ అనే పరిశోధకుడు ఆ పద్ధతిలో చదువుతున్న ఒక ఆరో తరగతి అబ్బాయితో కూర్చుని మాట్లాడాడు. వ్యాసంలో ఆ అబ్బాయిని బెన్నీ అన్నాడు. పన్నెండేళ్లవాడు, తరగతిలో బాగా ముందున్న పిల్లల్లో ఒకడని టీచరే చెప్పింది. 5/10ని దశాంశంగా రాయమంటే బెన్నీ 1.5 అన్నాడు. ఎలా అంటే, 5కి 10 కలిపితే 15, మధ్యలో చుక్క. అదే లెక్కన 4/11 కూడా 1.5, 11/4 కూడా 1.5. 4/11 ఒకటి కంటే చిన్నది, 11/4 రెండున్నర కంటే పెద్దది, రెండూ సమానమంటే అతనికి ఏ ఇబ్బందీ అనిపించలేదు. జవాబుల పట్టికలో వేరే జవాబు ఉంటే, తనదీ ఒప్పేననీ పట్టికలో ఇంకో రూపంలో రాశారనీ అనుకున్నాడు. పట్టికతో కలిసే రూపం దొరికేదాకా మార్చి మార్చి రాయడమే లెక్కలు చేయడం అనుకున్నాడు.

నాకు తెలిసిన ఏ హెచ్చరికా దీనికి సాటి రాదు. ఆ అబ్బాయి రెండో తరగతి నుంచీ ఆ పద్ధతిలోనే ఉన్నాడు. అన్నేళ్లలో ఒక్కసారి ఎవరైనా పక్కన కూర్చుని "ఇది ఎలా వచ్చింది?" అని అడిగి ఉంటే బయటపడేది. అడిగే అవసరమే లేకుండా పద్ధతిని తయారుచేశారు. పిల్లలు వాళ్లంతట వాళ్లు చేసుకుంటారు, టీచర్‌కి భారం తగ్గుతుంది అని. మన ఇళ్లలో ట్యాబ్ చేతికిచ్చి మనం వేరే పని చూసుకోవడం కూడా అచ్చంగా ఇదే.

అందుకే ఒక పాఠం దాటడానికి మార్కుల కంటే మాట ముఖ్యం అంటాను. పిల్ల తను ఏం చేసిందో తన మాటల్లో చెప్పగలిగితే దాటొచ్చు. పేజీ నిండా ఒప్పులున్నా చెప్పలేకపోతే అక్కడే ఇంకొన్నాళ్లు ఉండాలి. తప్పుల దగ్గర మాత్రమే ఎలా చేశావని అడిగితే, ఆ ప్రశ్న వినగానే పిల్లలు రబ్బరు వెతుక్కుంటారు. ఒప్పుల దగ్గర కూడా అడగాలి. మా ఇంట్లో ఒప్పుల దగ్గరే ఎక్కువగా అడుగుతాను. 8 + 4 = అని ఉన్నప్పుడు 12 అని రాసే పిల్లల్లో చాలామందికి ఆ సమానం గుర్తు అంటే 'ఇప్పుడు జవాబు రాయి' అని మాత్రమే తెలుసు. 8 + 4 = □ + 5 అని ఇచ్చి చూడండి. 1999లో అమెరికాలో ఒకటి నుంచి ఆరో తరగతి దాకా పిల్లల్ని ఇదే అడిగితే ఎక్కువమంది ఆ గళ్లో 12 అనో 17 అనో రాశారు. 7 అని రాసినవాళ్లు చాలా తక్కువ. వేల కూడికలు ఒప్పుగా చేసిన పిల్లల్లో కూడా రెండు వైపులా ఒకే విలువ ఉండాలన్న సంగతి తెలియదన్నది బయటపడకుండా ఉండిపోవచ్చు. అది బీజగణితం మొదలయ్యాక x దగ్గర బయటపడుతుంది. అప్పటికి ఎవరూ రెండో తరగతికి వెళ్లి వెతకరు.

వర్క్‌షీట్లు తయారుచేసేవాళ్లతో నాకు ఇంకో తగాదా ఉంది. ఒక పేజీ మొత్తం కూడికలే, తర్వాతి పేజీ మొత్తం తీసివేతలే. పిల్లలు మూడో లెక్క తర్వాత చదవడం మానేస్తారు. రెండు సంఖ్యలు చూడటం, కలపడం, అంతే. కెల్లీ టేలర్, డగ్ రోరర్ అనే పరిశోధకులు 2010లో నాలుగో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగంలో, ఒకే రకం లెక్కలు వరసగా చేసినవాళ్లు సాధన చేస్తున్నంతసేపూ బాగా చేశారు. మర్నాటి పరీక్షలో మాత్రం వాళ్లకి 38 శాతం వచ్చింది. అన్ని రకాలూ కలిపి చేసినవాళ్లకి 77 శాతం. కలిపి చేస్తే ఏ లెక్కకి ఏం చేయాలో ప్రతిసారీ ఆలోచించుకోవాలి, ఆ ఆలోచనే అసలు పని. కాబట్టి ఇవాళ్టి పాఠంలోంచి కొన్ని, పోయిన నెలవి కొన్ని, ఎప్పుడో దాటేసినవి ఒకటి రెండు కలిపి ఇవ్వండి. తప్పులు కాస్త పెరుగుతాయి. కంగారు పడొద్దు.

టైమ్ పెట్టి చేయించడం గురించి కూడా చెప్పాలి. ఎక్కాలు తడుముకోకుండా రావాలన్నదాంట్లో నాకు సందేహం లేదు. పైన భాగహారం విషయంలో చెప్పింది అదే. కానీ స్టాప్‌వాచ్ పెట్టగానే కొందరు పిల్లలకి టెన్షన్‌తో చేతులు చల్లబడిపోతాయి, వచ్చినవి కూడా మర్చిపోతారు. పిల్లల వేగానికి వదిలేశామని చెబుతూ చేతిలో గడియారం పట్టుకోవడం నాకు అర్థం కాదు. అలాగని ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు చేసుకో అని వదిలేయడమూ పనికిరాదు. ఎంత త్వరగా చేయాలో పిల్లల ఇష్టం, ఎప్పుడు కూర్చోవాలో ఇంటి నియమం. రోజూ ఒకే వేళకి పావుగంటో ఇరవై నిమిషాలో చాలు. ఆదివారం రెండు గంటలు కూర్చోబెట్టడం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

పక్కన ఎవరు కూర్చుంటారన్నది కూడా చిన్న విషయం కాదు. 2015లో వచ్చిన ఒక పరిశోధన ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని చూసింది. లెక్కలంటే భయమున్న తల్లిదండ్రులు హోంవర్క్‌లో తరచుగా సాయం చేసిన ఇళ్లలో పిల్లలు ఆ ఏడాది తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకీ భయం పట్టుకుంది. సాయం అంతగా చేయని ఇళ్లలో ఆ భయం పిల్లల దాకా రాలేదు. ఇది చదివి ఎవరూ నొచ్చుకోవద్దు. లెక్కలు రానివాళ్లు కూర్చోకూడదని దీని అర్థం కాదు. నేర్పించడం వర్క్‌బుక్కో వీడియోనో చూసుకుంటుంది. మనం చేయాల్సింది వినడం. "నాకూ లెక్కలు రావు, మన ఇంట్లో ఎవరికీ రావు" అనే మాట మాత్రం పిల్లల చెవిన పడనివ్వకండి. "ఇది నాకు తెలియదు, నువ్వు చెప్పు" అనడం వేరు, దాంతో పిల్లలకి ఎక్కడలేని ఉత్సాహం వస్తుంది.

ఇక నిజంగానే తరగతి కంటే ముందున్న పిల్లలు. వాళ్లని ఆపి ఉంచమని నేను అనను. కానీ ముందున్న పిల్లకి వెంటనే పై తరగతి పుస్తకం ఇవ్వడం మనకి అలవాటైపోయింది. అదే పాఠంలో ఇంకా లోపలికి వెళ్లే దారులు ఎన్నో ఉంటాయి. మా అమ్మాయి రెండంకెల కూడికలు గబగబా చేసేసి విసుక్కుంటున్నప్పుడు మూడంకెల కూడికలు ఇవ్వలేదు. 1, 2, 3, 4 అంకెలు ఒక్కోటి ఒక్కసారే వాడి రెండు రెండంకెల సంఖ్యలు చెయ్యి, కలిపితే అన్నిటికంటే పెద్ద మొత్తం రావాలి అన్నాను. 43కి 21 కలిపి 64 అంది. కాసేపటికి 41కి 32 కలిపి 73. కాగితం నిండా రాసుకుంటూ పోయింది. కొట్టివేతలు, బాణాలు, పక్కన మళ్లీ కూడికలు. వర్క్‌షీట్ కంటే ఎక్కువ కూడికలే చేసింది, ఎవరూ చేయమనకుండానే. తర్వాత లేచి వచ్చి "42కి 31 కలిపినా 73 వస్తోందేంటమ్మా?" అంది.

నేనేం చెప్పలేదు. "నువ్వే చూడు, రెండిట్లోనూ ఏమేం ఉన్నాయో" అన్నాను. పదుల చోట 4, 3 ఉంటే చాలు, ఒకట్ల చోట 1, 2 ఎటు ఉన్నా ఒకటే అని కాసేపటికి తనే పట్టుకుంది. మర్నాడు తనే 1 నుంచి 6 దాకా అంకెలు తీసుకుని రెండు మూడంకెల సంఖ్యలు చేయడం మొదలుపెట్టింది. 1173 వచ్చింది. అది ఎన్ని జతల్లో వస్తుందో వెతుకుతూ నాలుగు జతలు రాసింది. అయిదోది లేదని ఎలా చెప్పగలవు అని అడిగాను. దాని మీద మా ఇద్దరికీ ఇంకా వాదన నడుస్తూనే ఉంది.